క్రియాటినిన్ నార్మలే, మూత్రమే ఎర్రగా ఉంది: వైజాగ్‌లో మేం తిరిగిన యూరాలజీ సెంటర్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో తిట్టాల్సినవీ అన్నే ఉన్నాయి, పేరు పెట్టి తిట్టడం నాకిష్టం లేదు, పైగా నాన్నని ఇంకా మూడు నెలలకోసారి అక్కడికే తీసుకెళ్లాలి. ఒక మాదిరి పెద్ద యూరాలజీ సెంటరే, మూత్రంలో రక్తం అని వచ్చినవాళ్లకి కావాల్సిన పరీక్షలన్నీ ఒకే బిల్డింగ్‌లో చేస్తారు. నా రేటింగ్ అయిదుకి మూడున్నర. డాక్టరుకీ సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి సన్న దుర్బీను పంపి చూసే పరీక్ష) గదికీ అయిదుకి అయిదు, రిపోర్టుల కౌంటరుకి ఒకటి, బాత్రూములకి సున్నా. ఎవరింట్లోనైనా ఇదే కథ నడుస్తుంటే ఏ పరీక్ష ఎందుకు చేస్తారో, ఎక్కడ టైం దండగ అవుతుందో తెలుస్తుందని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

మాది పలాస దగ్గర పల్లె. నాన్నకి 66. కొంచెం జీడితోట, కొంచెం కొబ్బరి. సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది, మీ నాన్నకి ఒంటేలు ఎర్రగా వస్తోంది, ఎన్నాళ్ల నుంచో తెలీదు, దొడ్లో తెల్లబండ మీద నేనే చూశాను అని. కూతురితో ఇలాంటివి మాట్లాడాలంటే నాన్నకి చచ్చేంత సిగ్గు. గట్టిగా అడిగితే గోడవైపు తిరిగి, "నొప్పేటీ నేదు పాపా, వేడి చేసుంటాది" అన్నాడు. బార్లీ నీళ్లు, కొబ్బరి బొండాలు (మాకేం కొదవ), పల్లేరుకాయల కషాయం. మూడో రోజుకి తేటగా అయిపోయింది. కషాయానికి మంచి పేరొచ్చింది, అందరం మర్చిపోయాం.

మూత్రదారిలో వచ్చే కేన్సర్ చేసే మోసమంతా ఇదే అని ఇప్పుడు తెలుసు. కిడ్నీలోనో, దాన్నుంచి మూత్రం దింపే గొట్టంలోనో, మూత్రాశయంలోనో పుట్టిన గడ్డ రోజూ రక్తం కార్చదు. రెండ్రోజులు కారుస్తుంది, నెలన్నర ఊరుకుంటుంది, మళ్లీ ఒకరోజు మొదలుపెడుతుంది. కషాయం తాగినా ఆగుతుంది, తాగకపోయినా ఆగుతుంది.

శివరాత్రి వెళ్లాక మళ్లీ వచ్చింది. ఈసారి ఎర్రనీళ్లతోపాటు సన్నగా పొడుగ్గా గడ్డకట్టిన రక్తం, అమ్మ మాటల్లో చెప్పాలంటే వానపాము పిల్లలాగా. ఊళ్లో ఆర్‌ఎంపీ అయిదు రోజుల యాంటీబయాటిక్ రాశాడు. మూత్రం కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు అయినా కోర్సు పూర్తి చేయమన్నాడు. పట్నంలో ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే, నాన్నకి నాలుగేళ్ల కింద గుండెకి స్టెంట్ వేశారు కదా, రక్తం పల్చబడే మాత్ర వల్ల అయ్యుంటుందిలే అన్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. మేమూ నమ్మేశాం. తర్వాత వైజాగ్ డాక్టరు గారు ఈ మాట విని ఒక్కటే అన్నారు, ఆ మాత్ర కుళాయి తిప్పుతుందేమో గానీ పైపుకి చిల్లు పెట్టదమ్మా, ఆ మాత్ర వేసుకునేవాళ్లకి రక్తం పడినా మిగతావాళ్లకి చేసే పరీక్షలన్నీ చేయాల్సిందే అని. అలాగని మాత్ర మన అంతట మనం ఆపేయకూడదు, స్టెంట్ మూసుకుపోవచ్చు. ఆయన కూడా గుండె డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే ఆపించారు, అదీ ఆపరేషన్ ముందు.

ఇక క్రియాటినిన్ సంగతి, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష. మా ఉద్దానంలో ఆ మాట తెలియని ఇల్లు లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా డయాలసిస్ మీద ఉన్న మనిషి ఒకరైనా కనిపిస్తారు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచింది కూడా అందుకే. బడికెళ్లే పిల్లాడికి కూడా వాళ్ల తాత నంబరు తెలుసు. ఎవరికి కాళ్లు వాచినా, ఆకలి మందగించినా, మూత్రం రంగు మారినా, ముందు పరుగెత్తేది క్రియాటినిన్‌కే. నాన్నకి చేయిస్తే 1.1 వచ్చింది. ఆ కాగితం చూసి మా బాబాయి స్వీట్లు తెచ్చాడు, నిజంగానే. కిడ్నీలు బంగారంలా ఉన్నాయన్నారు అందరూ.

1.1 అబద్ధం కాదు, కానీ అది మేం అడగని ప్రశ్నకి జవాబు. క్రియాటినిన్ చెప్పేది రక్తం ఎంత బాగా వడకడుతోంది అన్నది. ఒక కిడ్నీ పూర్తిగా చెడినా రెండోది బాగుంటే ఆ నంబరు దాదాపు మామూలుగానే ఉండొచ్చు. గడ్డ ఉందా లేదా అన్నది దాని పని కాదు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు అంటే మా మనసులో ఉన్న బొమ్మ ఒక్కటే, కాళ్లవాపు, ఆయాసం, డయాలసిస్ మిషను. కిడ్నీకి కేన్సర్ కూడా వస్తుందని, అది వేరే దారిలో వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ నంబరు మీద భరోసాతో రెండు నెలలు పోగొట్టుకున్నాం.

మధ్యలో పట్నంలోనే ఒక అల్ట్రాసౌండ్. ఎడమ కిడ్నీ కాస్త ఉబ్బింది, రాయి కనబడలేదు అని రాసిచ్చారు. రాయి కనబడలేదంటే రాయి పడిపోయింది అని అర్థం చేసుకున్నాం, కొండపిండి ఆకు మొదలైంది. స్కానింగ్ వాళ్లని తప్పు పట్టను. అల్ట్రాసౌండ్ కిడ్నీ కండలో గడ్డని బాగా పడుతుంది, నిండిన మూత్రాశయంలో గడ్డనీ చాలాసార్లు పడుతుంది. కానీ కిడ్నీ నుంచి కిందికి దిగే సన్న గొట్టం పేగుల గాలి వెనక దాక్కుంటుంది, అందులో చిన్న గడ్డ ఉంటే తప్పిపోవడం మామూలే. తప్పు పట్టాల్సింది ఎవరినంటే, కిడ్నీ ఎందుకు ఉబ్బింది అని అడగని మమ్మల్ని, చెప్పని వాళ్లని.

మూడోసారి రక్తం పడ్డాక ఇంక లాభం లేదని తెల్లవారుజాము బండెక్కించి వైజాగ్ తీసుకొచ్చాను.

సోమవారం వెళ్లకండి. మొత్తం ఉత్తరాంధ్ర అక్కడే ఉంటుంది, ఒడిశా నుంచి వచ్చేవాళ్లు అదనం. ఎనిమిదిన్నరకి వెళ్తే 61వ టోకెన్. రిసెప్షన్ అమ్మాయిలు మర్యాదగానే మాట్లాడతారు, కాకపోతే ఒక్కో కౌంటరుకి ఒక్కో కాగితం, అన్నిట్లోనూ అవే వివరాలు, అదే ఫోన్ నంబరు. తర్వాత, కడుపు నిండా నీళ్లు తాగి ఆపుకోలేనంత వచ్చినప్పుడు చెప్పండి అంటారు, స్కాన్ కోసం. హాల్లో అరవై మంది అదే పనిలో ఉంటారు. అరవై మందికీ కలిపి మగవాళ్లకి రెండు బాత్రూములు, ఆడవాళ్లకి ఒకటి, ఆ ఒక్కదానికి అప్పట్లో గడియ పనిచేసేది కాదు. యూరాలజీ ఆసుపత్రిలో, మూత్రం చుట్టూ తిరిగే వ్యాపారంలో, ఇది ఎలా తట్టలేదో నాకు అర్థం కాదు. ఒక పెద్దావిడ కోడలిని తలుపు దగ్గర కాపలా పెట్టి లోపలికి వెళ్లింది. నాన్న పంచె తడుపుకున్నాడు, పాపం, నాతో చెప్పుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరు గారి గదిలోకి వెళ్లేసరికి ఒంటిగంట. కానీ ఆ మనిషి ఇరవై నిమిషాలు ప్రశ్నలే అడిగారు, ఇంతవరకూ ఎవరూ అడగనివి. ఎరుపు మొదట్లో వచ్చి తర్వాత తేట అవుతుందా, చివర్లో వస్తుందా, మొదలు నుంచి చివరిదాకా ఒకే ఎరుపా? (మొదలు నుంచి చివరిదాకా అంటే మూత్రాశయం గానీ అంతకంటే పైన గానీ అన్నమాట.) రక్తపు గడ్డలు పడ్డాయా, ముద్దలా పొడుగ్గానా? వానపాములా అని నేను చెప్పగానే కాగితం మీద ఏదో గీసుకున్నారు. సన్న గొట్టంలో రక్తం గడ్డకడితే ఆ గొట్టం ఆకారంలోనే బయటికి వస్తుందట, అంటే రక్తం పైనుంచి దిగుతోంది. బీట్‌రూట్ తిన్నారా, టీబీ మందులు వాడుతున్నారా, రెండూ మూత్రాన్ని ఎర్రగా నారింజగా మార్చేవే. బరువు తగ్గారా, రాత్రిళ్లు జ్వరం చెమటలు ఉన్నాయా. తర్వాత నన్ను బయటికి పంపి పంచె విప్పించి చూశారు, ఎడమ బీజం పైన నరాలు కొత్తగా ఉబ్బాయేమో అని. పెద్ద వయసులో ఎడమవైపు అలా కొత్తగా ఉబ్బితే కిడ్నీ గడ్డ అక్కడి రక్తనాళాన్ని నొక్కుతోందేమో అని అనుమానించాలట. నాన్నకి అది లేదు.

తర్వాత పొగ సంగతి. రోజుకి ఎన్ని? నాన్న మూడో నాలుగో అన్నాడు. నేను తలుపు దగ్గర నుంచే, ఒక కట్ట అండి అన్నాను. మా ఇంట్లో పొగ కొత్తేం కాదు, మా నాయనమ్మ అడ్డపొగ కాల్చేది, చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని. అది అంగిలికి కేన్సర్ తెస్తుందని మా వైపు అందరికీ తెలుసు. కానీ బీడీ పొగకీ మూత్రానికీ ఏంటి సంబంధం? పొగలోని విషాలు రక్తంలోకి వెళ్లి, కిడ్నీలో వడకట్టబడి, మూత్రంలో కలిసి గంటలకొద్దీ మూత్రాశయంలో నిలవుంటాయి, తగిలేది అక్కడి లోపలి పూతకి. మూత్రదారి పూతలో పుట్టే కేన్సర్లకి అన్నిటికంటే పెద్ద కారణం పొగాకే. ఆ తర్వాత అడిగారు, ఎప్పుడైనా రంగుల ఫ్యాక్టరీలోగానీ, రబ్బరు, తోళ్ల పనిలోగానీ చేశారా అని. నాన్న పెళ్లికి ముందు ఆరేళ్లు సూరత్‌లో బట్టలకి రంగులద్దే మిల్లులో పనిచేశాడు, మా ఇంట్లో ఎవరూ తలచుకోని విషయం అది. చేతులు మోచేతి దాకా నీలంగా ఉండేవని చెప్పాడు. తర్వాత చదివితే తెలిసింది, రంగుల ఫ్యాక్టరీ పనివాళ్లకి మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని లుడ్విగ్ రేన్ అనే జర్మన్ సర్జన్ 1895లోనే చెప్పాడట. నాన్నకి వచ్చింది దేనివల్లో ఎవరూ తేల్చి చెప్పలేరు, బీడీలు ఉండనే ఉన్నాయి.

చివరికి డాక్టరు గారు అన్నమాట: "నొప్పితో రక్తం పడితే రాయో ఇన్ఫెక్షనో అని ముందు అనుకుంటాం పెద్దాయనా. మీ వయసులో నొప్పి లేకుండా పడితేనే మాకు టెన్షన్." మేము ఇన్నాళ్లూ నొప్పి లేదు కదా అని ధైర్యం చెప్పుకున్నాం, మొత్తం తలకిందులు.

పరీక్షలు వరసగా చెప్తాను. ల్యాబ్‌లో మూత్రం మైక్రోస్కోప్ కింద చూశారు, అంటే పట్టీ ముంచి రంగు చూసేది ఒక్కటే కాదు. కంటికి కనబడకపోయినా ఒక ఫీల్డులో, అంటే మైక్రోస్కోప్‌లో ఒకసారి కనబడే చోట, ఎర్రకణాలు మూడో అంతకన్నా ఎక్కువో ఉంటే లెక్కలోకి తీసుకుంటారు. నాన్నకి లెక్కపెట్టలేనన్ని. సైటాలజీకి, అంటే మూత్రంలో రాలిన కణాలు చూడటానికి, మూడు రోజుల శాంపిళ్లు అడిగారు. ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. పొద్దున్న మొదటి మూత్రం డబ్బాలో పట్టి తీసుకెళ్తే ల్యాబ్ కుర్రాడు వద్దన్నాడు, రాత్రంతా నిలవున్న మూత్రంలో కణాలు పాడవుతాయి, ఇప్పుడు నీళ్లు తాగి మళ్లీ ఇవ్వండి అన్నాడు. మామూలుగా అన్ని ల్యాబులూ పొద్దున్నదే అడుగుతాయి కదా, ఈ తేడా తెలిసి చెప్పినందుకు అతనికి దండం. సైటాలజీ దూకుడుగా పెరిగే రకాలని బాగా పడుతుంది, మెల్లగా పెరిగేవాటిని చాలాసార్లు వదిలేస్తుంది, కాబట్టి అందులో ఏమీ లేదని వస్తే పూర్తిగా నమ్మడానికి లేదు.

తర్వాత సీటీ యూరోగ్రామ్, మాకు 8,500 అయింది. రంగు మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ అడిగారు! అప్పుడు తెలిసింది ఆ 1.1 కాగితం దేనికి పనికొస్తుందో. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా అని కూడా అడుగుతారు, కిడ్నీ బాగా బలహీనంగా ఉన్నవాళ్లయితే కొన్నాళ్లు ఆపిస్తారు. టెక్నీషియన్ చాలా ఓపికమంతుడు. మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కి పంచెలోనే పోసేసుకున్నట్టు అనిపిస్తుంది తాతగారూ, అది ఉత్తుత్తిదే, కంగారు పడకండి అని ముందే చెప్పాడు. చెప్పకపోయుంటే పొద్దున జరిగిన దానికి తోడు నాన్న బల్ల దిగి పారిపోయేవాడు. ఒకసారి మందు లేకుండా, ఒకసారి మందు కిడ్నీ కండలో ఉన్నప్పుడు, పది నిమిషాలు ఆగి మందు మూత్రంతో గొట్టాల్లోకి దిగాక ఇంకోసారి, ఇలా మూడు విడతలు తీస్తారు. మామూలు సీటీ చేయించుకుని వస్తే మళ్లీ చేయమంటారు, ఎందుకంటే గొట్టం లోపల కనబడేది ఆ మూడో విడతలోనే. ఇది ముందే అడిగి చేయించుకోండి, డబ్బులు మిగులుతాయి.

ఇక రిపోర్టుల కౌంటర్. శనివారం సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి రిపోర్ట్ రెడీ, పట్టుకెళ్లండి అన్నారు. కవరు అంటించి కూడా లేదు. ద్వారకా బస్ స్టేషన్‌లో కూర్చుని తెరిచాను. ఫిల్లింగ్ డిఫెక్ట్ అట, నియోప్లాస్టిక్ (కొత్తగా పెరిగిన గడ్డ) అట. ఫోన్‌లో వెతికితే వచ్చింది చదివి అక్కడే కూలబడ్డాను. వెనక్కెళ్లి అడిగితే, సోమవారం డాక్టర్ గారిని కలవండి మేడం, మాకు తెలీదు అని కుర్రాడు చిల్లర లెక్కపెట్టుకుంటూ చెప్పాడు. రెండు రాత్రులు. ఇంట్లో అమ్మకి ఏం చెప్పాలో తెలీక, రిపోర్ట్ ఇంకా రాలేదని అబద్ధం చెప్పాను. ఇలాంటి రిపోర్ట్ శనివారం సాయంత్రం కవర్లో పెట్టి చేతికివ్వడం దుర్మార్గం. డాక్టరు ఉన్న రోజే ఇవ్వొచ్చు, లేదా ఒక జూనియర్ చేతైనా రెండు ముక్కలు చెప్పించొచ్చు. ఈ ఒక్క విషయానికే ఒకటిన్నర స్టార్ తీసేశాను.

సోమవారం డాక్టరు గారు మానిటర్ మావైపు తిప్పి చూపించారు. రంగు మందు నిండిన గొట్టం తెల్లటి గీతలా ఉంది, కిడ్నీ నుంచి గొట్టం మొదలయ్యే చోట ఆ తెలుపులో నల్లగా ఒక వంపు. ఫిల్లింగ్ డిఫెక్ట్ అంటే అంతే, మందు నిండాల్సిన చోట ఏదో అడ్డం కూర్చుంది. నాన్న కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగి, "జీడిబద్దలాగుంది" అన్నాడు. నిజంగానే అలాగే ఉంది, ఆ వంపూ ఆ సైజూ. రాయి అయితే మందు లేని మొదటి విడతలోనే తెల్లగా మెరిసేది, ఇది మెరవలేదు. రక్తపు గడ్డ అయినా ఇలాగే కనబడొచ్చు కాబట్టి దుర్బీనుతో చూడకుండా పేరు పెట్టను అన్నారు.

సిస్టోస్కోపీ అంటే అందరూ భయపడి చచ్చిపోతారు, మేమూ అంతే. మత్తు సూది లేదు, మొద్దుబార్చే జెల్లీ లోపలికి ఎక్కించి కాసేపు ఆగి, వంగే సన్న గొట్టం పంపించారు. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. టీవీలో నాన్న కూడా చూశాడు. లోపలంతా లేత గులాబీ రంగు, సన్న నరాలు, గడ్డ ఏమీ లేదు. తర్వాత సిస్టర్ చెప్పింది, కుడి గొట్టం నోట్లోంచి తేట మూత్రం చిమ్ముతోంది, ఎడమ దాంట్లోంచి మాత్రం ఎర్రగా, సిగరెట్ పొగలాగా సుడి తిరుగుతూ వస్తోంది అని. ఎర్రగా వస్తున్న రోజుల్లోనే రమ్మన్నది అందుకేనట. రక్తం ఆగాక వద్దాంలే అనుకోకండి, ఏ వైపు నుంచి వస్తోందో కంటికి కనబడే అవకాశం అప్పుడే. ఆ గదిలో పనిచేసే వాళ్ల తీరు చెప్పాలి, నాన్న సిగ్గు చూసి మగ టెక్నీషియన్నే పెట్టారు, పైన గుడ్డ కప్పి ఉంచారు, అడుగడుగునా ఏం చేస్తున్నామో చెప్పారు. రెండ్రోజులు మంట ఉంది, నీళ్లు బాగా తాగితే పోయింది. 5,000 తీసుకున్నారు, ఒక్క రూపాయి కూడా దండగ అనిపించలేదు.

సైటాలజీలో అనుమానం అని వచ్చింది. ఆఖరికి యురెటెరోస్కోపీ, ఇది మాత్రం మత్తు ఇచ్చి ఆపరేషన్ థియేటర్లో. మూత్రాశయం మీదుగా గొట్టంలోకి ఇంకా సన్న దుర్బీను పంపి చిన్న ముక్క తీశారు, మూత్రం దిగడానికి ఆ గొట్టం లోపల సన్న ట్యూబు పెట్టారు, దీన్నీ స్టెంట్ అనే అంటారు. ఆ స్టెంట్ గురించి ఎవరూ ముందు చెప్పలేదు, అరగంటకోసారి మూత్రం, నడుములో లాగుడు, నాన్న పదిరోజులు నరకం చూశాడు. అది మామూలేనట, మామూలే అయినప్పుడు ముందు చెప్తే ఏం పోయింది? బయాప్సీ అయిదు రోజుల్లో అన్నారు, తొమ్మిదో రోజు వచ్చింది, మధ్యలో చేసిన ఫోన్లకి లెక్కలేదు.

యూరోథీలియల్ కార్సినోమా, హై గ్రేడ్, అంటే దూకుడుగా పెరిగే రకం.

డాక్టరు గారు నాన్న ముందే, నాన్నతోనే చెప్పారు. నేను బయటికి పంపమన్నట్టు సైగ చేశాను, ఆయన పట్టించుకోలేదు. పెద్దాయనా, ఇది కేన్సరే, ఇంకా పక్కకి పాకినట్టు సీటీలో కనబడలేదు, తీసేద్దాం. నాన్న కాసేపు ఊరుకుని, "పైపులోనా, కిడ్నీలోనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకూ ఉంది. ఆయన బొమ్మ గీశారు. కిడ్నీ లోపలి సంచి నుంచి, గొట్టం, మూత్రాశయం దాకా ఒకటే లోపలి పూత. నాన్నది ఆ పూతలో పుట్టింది. ఈ పూత కేన్సర్లలో ఎక్కువ శాతం మూత్రాశయంలోనే వస్తాయి, పైన కిడ్నీ సంచిలోనో గొట్టంలోనో వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. మామూలుగా కిడ్నీ కేన్సర్ అని మనం వినేది వేరు, అది కిడ్నీ కండలో పుట్టేది, పెద్దవాళ్లలో కిడ్నీ కేన్సర్లు చాలామటుకు అవే. దానికి నడుము నొప్పి, మూత్రంలో రక్తం, చేతికి తగిలే గడ్డ అని మూడు లక్షణాలు పుస్తకాల్లో ఉంటాయి గానీ మూడూ కలిసి కనిపించేవాళ్లు ఇప్పుడు నూటికి పదిమంది కూడా ఉండరట. సగానికి పైగా వేరే దేనికో స్కాన్ చేయిస్తే బయటపడుతున్నాయి. బెంచీ మీద మా పక్కన కూర్చున్న ఆవిడ అలా వచ్చిందే, పిత్తాశయంలో రాళ్లని స్కాన్‌కి వెళ్తే కుడి కిడ్నీలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ. ఆవిడకి ఒక్క చుక్క రక్తం పడలేదు, ఏ నొప్పీ లేదు. ఆవిడకి ముక్క తీయకుండానే నేరుగా ఆపరేషన్ అన్నారట, కిడ్నీ కండ గడ్డలకి రంగు మందు సీటీలో తీరు చూస్తే చాలామటుకు తెలిసిపోతుందట, అనుమానం ఉంటేనే బయాప్సీ. కిడ్నీలో ఉత్త నీటి బుడగలు ఉండటం కూడా వయసు మీద పడ్డవాళ్లలో మామూలే, రిపోర్టులో సింపుల్ సిస్ట్ అని కనబడగానే గుండెలు బాదుకోకండి.

గొట్టంలోంచి తీసే ముక్క బియ్యపుగింజంత, అందులో గడ్డ ఎంత లోతుకి దిగిందో తేలదు, గ్రేడ్ మాత్రమే తేలుతుంది. అందుకే హై గ్రేడ్ అనగానే కిడ్నీ, గొట్టం, గొట్టం మూత్రాశయంలో కలిసే చోటు, మొత్తం తీసేయాలన్నారు. కుడి కిడ్నీ బాగుంది, క్రియాటినిన్ 1.1. బాబాయి తెచ్చిన స్వీట్లకి అర్థం అప్పుడు దొరికింది.

ఖర్చు సంగతి. ఆపరేషన్‌కి ముందు పరీక్షలన్నీ, యురెటెరోస్కోపీతో కలిపి, జేబులోంచే పెట్టాం, డెబ్బై వేల పైన అయింది. ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) మాటెత్తితే ఆ డెస్క్ దగ్గర మనిషి రోజుకి రెండు గంటలే ఉంటాడు, మధ్యాహ్నం మూడు తర్వాత కుర్చీ మీద కండువా మాత్రమే కనిపిస్తుంది. వెళ్లగానే పొద్దున ముందు ఆయన దగ్గరికి వెళ్లి, ఏ పరీక్షకి ఏది వర్తిస్తుందో కాగితం మీద రాయించుకుని తర్వాత మిగతా క్యూలు చూసుకోండి, మేం ఇది తిరగేసి చేశాం. కేన్సర్ అని తేలిపోయినవాళ్లకి అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది, రెండో అభిప్రాయానికి మేం అక్కడికి కూడా ఫైలు పట్టుకెళ్లాం. సీటీ సీడీ, బయాప్సీ బ్లాకులు (తీసిన ముక్కని మైనంలో దాచిన దిమ్మెలు) అడిగి తీసుకోండి, ఒట్టి రిపోర్ట్ కాగితం సరిపోదు. ఇక్కడ బ్లాకులు ఇవ్వడానికి కొంచెం గొణిగారు గానీ ఇచ్చారు.

ఆపరేషన్ అయి ఏడు నెలలు. అదే పూత మూత్రాశయంలోనూ ఉంది కాబట్టి అక్కడ మళ్లీ మొలకెత్తే అవకాశం తక్కువేం కాదు, అందుకే మూడు నెలలకోసారి సిస్టోస్కోపీ. ఇప్పటికి రెండు అయ్యాయి, రెండూ శుభ్రంగా ఉన్నాయి. నాన్న బీడీ మానేశానంటాడు, జేబులో అగ్గిపెట్టె ఎందుకుందో మాత్రం చెప్పడు.

వెళ్లేవాళ్లకి చిన్న చిన్న విషయాలు: మంగళవారం, గురువారం రద్దీ తక్కువ. సిస్టోస్కోపీ మొదటి అంతస్తు అని బోర్డు ఉంటుంది, అది రెండో అంతస్తుకి మారి ఏడాదైందట. లిఫ్ట్ పక్క బాత్రూముకి గడియ ఈ మధ్యే వేశారు, మేడ మీద ఫార్మసీ వెనక ఇంకోటి ఉంది, అది ఎవరికీ తెలీదు, శుభ్రంగా ఉంటుంది. పెద్దవాళ్లకి ఇంకో పంచె పట్టుకెళ్లండి. క్యాంటీన్‌లో ఉప్మా బాగుంటుంది, కాఫీ తాగకండి.